ఆకును బట్టి అడవి మొక్కను గుర్తించడం

పూతా కాతా లేని రోజుల్లో అడవి మొక్కను గుర్తించడానికి చేతికందే ఆధారం ఆకు. నల్లమలలోనూ, శేషాచలంలోనూ, ఆదిలాబాదు టేకు అడవుల్లోనూ చాలా చెట్లు ఏడాదిలో కొన్ని వారాలే పూస్తాయి. మోదుగ, బూరుగు లాంటివైతే ఆకు రాల్చేశాకే పూస్తాయి. తొలకరి నుంచి చలికాలం చివరిదాకా అడవిలో కనిపించేది ఎక్కువగా ఆకే. అయితే వృక్షశాస్త్రం మొక్కలను విడదీసింది ప్రధానంగా పువ్వును బట్టి. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తన గ్రంథంలో మొక్కలను తరగతులుగా పేర్చింది కేసరాలనూ కీలాలనూ లెక్కపెట్టే. కాబట్టి ఆకుతో పని మొదలుపెట్టేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆకు కొన్నిసార్లు సరాసరి జాతి పేరు దాకా తీసుకువెళ్తుంది, కొన్నిసార్లు కుటుంబం దాకా వచ్చి ఆగిపోతుంది. ఇక రెండోది, ఆకును ఒక వరసలో చూడాలి. ఆ వరసలో అందరి కంటికీ ముందు ఆనే ఆకారం చివరికి వెళ్లాలి. ఆకు కొమ్మ మీద ఎక్కడ, ఎలా పుట్టిందన్నది ముందుకు రావాలి.

ఆకారాన్ని వెనక్కి నెట్టడానికి కారణముంది. ఒకే చెట్టు మీద ఎండ తగిలే పైకొమ్మల ఆకులు చిన్నగా దళసరిగా, నీడలో ఉన్న కింది కొమ్మల ఆకులు వెడల్పుగా పలచగా ఉంటాయి. లేత టేకు మొక్క మీదా, నరికిన మోడు నుంచి లేచిన పిలకల మీదా ఆకు అర మీటరు దాటుతుంది. అదే చెట్టు పెద్దదై పూతకొచ్చినప్పుడు కొసకొమ్మల మీది ఆకు అందులో సగం కూడా ఉండదు. బీడీలకు పనికొచ్చే తునికాకు కోసం పొదలను చలికాలం చివర్లో కొట్టేస్తారు. వేసవిలో వచ్చే ఆ చివుళ్ల ఆకు, ముదురు తునికి చెట్టు ఆకు పక్కపక్కన పెడితే కొత్తవారు రెండు వేరు చెట్లనుకుంటారు. కొలతలు మారినా, అంచు మారినా, కొమ్మ మీద ఆకుల అమరిక మాత్రం సాధారణంగా మారదు. అందుకే నమ్మకం దాని మీద పెట్టాలి.

నమూనా ఎంపికలోనే సగం తప్పులు జరుగుతాయి. చెట్టు కింద రాలిన ఆకు ఆ చెట్టుదే కానక్కర్లేదు. పక్క చెట్టుది కావచ్చు, పైకి పాకిన తీగది కావచ్చు. నేల నుంచి ఏరిన ఆకుకు కొమ్మతో బంధం తెగిపోయి ఉంటుంది కాబట్టి అది చెప్పాల్సిన అసలు సంగతి చెప్పలేదు. పురుగు తిన్నది, మరీ లేతది, మోడు పిలకల మీదిది వదిలేసి, వెలుతురు తగిలే మామూలు కొమ్మను ఎంచుకోవాలి. కనీసం ఐదారు ఆకులు ఉన్న రెమ్మను చూడాలి, ఆపైన మరో కొమ్మ మీద కూడా అదే కనిపిస్తోందా అని సరిచూడాలి. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, పెన్సిలు, నోటుబుక్కు, కొలతకు ఒక రూపాయి బిళ్ల ఉంటే చాలు.

మొదటి ప్రశ్న తేలిగ్గా కనిపిస్తుంది గానీ చాలామందిని పడగొట్టేది ఇదే: ఆకు ఏది? కొమ్మకూ ఆకుకాడకూ మధ్య పడే మూలలో మొగ్గ ఉంటుంది. వృక్షశాస్త్రంలో దాన్ని గ్రీవపు మొగ్గ అంటారు. మొగ్గ ఎక్కడ ఉందో ఆకు అక్కడ మొదలవుతుంది. దాని పైన ఉన్నదంతా, ఎన్ని ముక్కలుగా చీలినా, ఒకే ఆకు. ముక్కలుగా చీలినది సంయుక్త పత్రం, దాని ముక్కలు పత్రకాలు. చీలనిది సరళ పత్రం. చింతనూ ఉసిరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా చక్కగా తెలుస్తుంది. రెండింటికీ సన్నటి పుల్లకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు బారుగా ఉంటాయి. చింతలో ఆ చిన్నవి పది నుంచి ఇరవై జతలు ఎదురెదురుగా ఉంటాయి. ఏ జత మొదట్లోనూ మొగ్గ ఉండదు. మొగ్గ ఉండేది పుల్ల మొదట్లో, అది కొమ్మకు అంటుకున్న చోట. అంటే ఆ పుల్లంతా ఒక్క ఆకు. ఉసిరిలో అలా కాదు. ఒక్కో చిన్న ఆకు మొదట్లోంచి, పుల్ల పొడవునా, పచ్చటి పిసరంత పూలు వస్తాయి. పువ్వు ఆకు మీద పుట్టదు, ఆకు మూలలో పుడుతుంది. కాబట్టి ఉసిరిలో ఆ చిన్నవే అసలు ఆకులు, పుల్ల ఒక చిన్న కొమ్మ. ఆకురాలు కాలంలో ఆ కొమ్మే మొత్తంగా ఊడిపడుతుంది, అందువల్లనే దాన్ని ఆకు అనుకుంటారు. ఈ ఒక్క తేడా తెలియకపోతే ఉసిరిని చిక్కుడు కుటుంబంలో వెతుక్కుంటూ పోవాల్సివస్తుంది. అది నేలఉసిరికి దగ్గరి చుట్టం.

రెండో ప్రశ్న అమరిక. కణుపుకు ఒక ఆకు ఉంటే ఏకాంతరం, ఎదురెదురుగా రెండుంటే అభిముఖం, మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే చక్రీయం. దక్కను అడవుల్లో ఎక్కువ చెట్లకు ఏకాంతర పత్రాలే కాబట్టి అభిముఖంగా కనిపిస్తే వెతుకులాట ఒక్కసారిగా చిన్నదైపోతుంది. టేకు, నేరేడు, ముష్టి, చిల్ల, పాల జాతులు, బట్టగణప, బండారు, మంగ, వావిలి అభిముఖాలే. కొన్ని మాత్రం మధ్యస్థంగా ఉంటాయి. కరక చెట్టుకు ఒకే రెమ్మ మీద కొన్ని ఆకులు సరిగ్గా ఎదురెదురుగా, కొన్ని కాస్త ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. ఒక్క కణుపును చూసి తేల్చకుండా నాలుగైదు కణుపులు చూడాలనేది ఇందుకే.

అభిముఖాలను మళ్లీ విడదీయడం కష్టం కాదు. ఎదురెదురు కాడల మధ్య, కొమ్మకు అతుక్కుని, చిన్న పొర లాంటిది ఉందేమో భూతద్దంతో చూడాలి. దాన్ని పత్రపుచ్ఛం అంటారు. పొర రాలిపోయినా రెండు కాడలను కలుపుతూ కొమ్మ మీద గీత మిగులుతుంది. ఆకు అంచు నున్నగా ఉండి, ఈ పొర గానీ గీత గానీ ఉంటే ఆ మొక్క దాదాపుగా కాఫీ కుటుంబానిది. అరకు తోటల్లో కాఫీ మొక్క మీదా, నల్లమలలో బట్టగణప మీదా ఇదే గుర్తు. గిల్లితే తెల్లపాలు వస్తే పాల జాతుల వైపు చూడాలి. పాలు లేకుండా, ఆకు నున్నగా మెరుస్తూ, మొదట్లోంచే మూడు నుంచి ఐదు పెద్ద ఈనెలు కొసవైపు సాగితే అది ముష్టి గానీ చిల్ల గానీ అయ్యే అవకాశం బలంగా ఉంది. చిల్లగింజతో బురదనీరు తేర్చుకునేవారు. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం ఉంది. దగ్గరి చుట్టాలే ఒకటి మందుగా, ఇంకొకటి మరణంగా ఉండవచ్చని ఈ రెండూ చూపిస్తాయి. నేరేడుకు నడిమి ఈనె నుంచి సన్నని ఈనెలు దగ్గర దగ్గరగా, దాదాపు సమాంతరంగా బయలుదేరి, అంచుకు కాస్త ఇవతల సాగే ఒక ఈనెలో కలుస్తాయి. టేకు లేత ఆకును అరచేతిలో నలిపితే ఎర్రటి మరక అంటుకుంటుంది. అడవి అంచు ఊళ్లలో పిల్లలకు కూడా తెలిసిన ఈ పరీక్ష పుస్తకాల్లోని పొడవాటి వర్ణనలకంటే త్వరగా పని చేస్తుంది.

గిల్లడం, నలపడం, వాసన చూడడం అవసరమైన పరీక్షలే గానీ వాటికి ముందు ఒక హెచ్చరిక ఉంది. కొమ్మ కొసల్లో గుత్తిగా, చేటంత ఆకులు, అడుగున బూడిదరంగుతో కనిపిస్తే అది నల్లజీడి కావచ్చు. దాని రసం చర్మం మీద బొబ్బలెక్కిస్తుంది. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడింది దాని కాయ రసమే. జిల్లేడు, జెముడు జాతుల పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. అందువల్ల గిల్లేముందు ఆకును కళ్లతో పూర్తిగా చూడాలి, గిల్లాక చెయ్యి ముఖానికి తగలనీయకూడదు, నీళ్లతో కడుక్కోవాలి. రుచి చూడడం మాత్రం ఏ పరిస్థితిలోనూ గుర్తింపు పద్ధతి కాకూడదు. పొడపత్రి ఆకు నమిలితే తీపి తెలియకుండా పోతుందన్నది నిజమే. కానీ తెలియని తీగ పొడపత్రో కాదో తేల్చడానికి నమలడం ప్రాణంతో చేసే ప్రయోగం.

పాల జాతుల్లో రెండింటిని కాస్త ఆగి చూడాలి. ఒకటి అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే కర్ర దానిదే. రెండోది కొడిసెపాల. జిగట విరేచనాలకు ఆయుర్వేదం వాడే కుటజం ఇదే. రెండూ ఆకురాల్చే అడవుల్లో పక్కపక్కనే పెరుగుతాయి. రెండింటికీ అభిముఖ పత్రాలు, పొట్టి కాడలు, తెల్ల పాలు, తెల్ల పూలు. కుటజం బెరడుకు బదులు అంకుడు బెరడు అమ్ముడుపోవడం పాత సమస్య. ఆకులో తేడా ప్రధానంగా పరిమాణంలో ఉంది. కొడిసెపాల ఆకు ఎదిగితే 20 సెంటీమీటర్లు దాటడం మామూలు, వెడల్పూ ఎక్కువే. అంకుడు ఆకు సాధారణంగా చిన్నది, సన్నది. దాని నుంచి నీలిరంగు తీసేవారు. ఆ రంగు కారణంగా అంకుడు ఆకు ఎండినప్పుడు నీలం, నలుపు కలిసిన ఛాయకు తిరుగుతుంది. అందుకే కాగితాల మధ్య ఎండబెట్టిన నమూనా పచ్చి ఆకు చెప్పనిది కూడా చెబుతుంది. అయినా 12 సెంటీమీటర్ల మధ్యరకం ఆకు ఒక్కటే చేతిలో ఉంటే, ఎండబెట్టే వ్యవధి లేకపోతే, ఈ రెండింటిలో ఏదో తేల్చి చెప్పకూడదు. కాయల కోసం ఆగాలి. రెండింటికీ సన్నటి కాయలు జంటగా వేలాడతాయి. అంకుడులో లేత జంట కొసన అతుక్కుని ఉంటుంది, కొడిసెపాలలో విడివిడిగా ఉంటుంది.

ఇక ఏకాంతర పత్రాలు. వీటిలో ఆధారాలు సూక్ష్మంగా ఉంటాయి గానీ దొరికితే గట్టిగా ఉంటాయి. తెల్లపాలు వచ్చి, ప్రతి ఆకు మొదట్లో కొమ్మ చుట్టూ ఉంగరంలా గీత ఉంటే మర్రి, రావి, జువ్వి, మేడి వర్గం. వీటిలో రావికి తోకలా సాగిన కొస గట్టి గుర్తు. మొదట్లోంచి మూడు ఈనెలు లేచి, అడుగున తెల్లటి నూగుతో, కాడ పక్కన ముల్లుతో ఉంటే రేగు. ఆకు నడిమికి చీలి రెండు రెక్కలుగా ఉంటే ఆరె, దేవకాంచనం, అడ్డతీగ. విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగది కాబట్టి, దానికి నులితీగలు ఉంటాయి కాబట్టి విడదీయడం సులభం. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు పారదర్శకమైన చుక్కలు కనిపించి, నలిపితే ఘాటైన వాసన వస్తే నిమ్మ కుటుంబం: మారేడు, వెలగ, కరివేప, బిల్లుడు అందులోవే.

మద్ది వర్గంలో గుర్తు ఆకు మొదట్లో దాక్కుని ఉంటుంది. ఆకును వెనక్కి తిప్పి, నడిమి ఈనె కాడను కలిసేచోట చూస్తే నల్లమద్దికి ఒకటి రెండు చిన్న పులిపిరుల్లాంటి గ్రంథులు కనిపిస్తాయి. కరకకు అవి కాడ పైకొసన జంటగా ఉంటాయి. తానికి పొడవాటి కాడలున్న ఆకులు కొమ్మ కొసల్లో గుత్తిగా చేరతాయి. నల్లమద్దీ తెల్లమద్దీ ఆకు దగ్గర తికమక పెడితే తల ఎత్తి బెరడు చూడాలి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగులుతుంది. తెల్లమద్ది బెరడు తెల్లబారి నున్నగా ఉంటుంది, చెట్టు కూడా వాగు ఒడ్డునే ఎక్కువగా కనిపిస్తుంది. ఆకుతో గుర్తించడమంటే బెరడుకూ చెట్టు నిలబడ్డ చోటుకూ కళ్లు మూసుకోవడమని అర్థం కాదు.

ఈ వరస ఎంత పని చేస్తుందో మూడు పత్రకాల ఆకులతో తెలుస్తుంది. మూడేసి ఆకులనగానే మారేడని చేతులు జోడించేవారు ఎక్కువ. కానీ శేషాచలం పాదాల దగ్గర నడిచేవారికి మారేడు, మోదుగ, ఎర్రచందనం, వావిలి, దూలగొండి అన్నీ మూడేసి పత్రకాలతో కనిపించవచ్చు. ముందు అమరిక చూస్తే వావిలి పక్కకు తప్పుకుంటుంది. అది అభిముఖం, లేత కొమ్మ నలుపలకలుగా ఉంటుంది, పత్రకాలు సన్నగా, అడుగున తెల్లగా, ఒకే చోటి నుంచి విచ్చుకుంటాయి, కొన్నిసార్లు మూడుకు బదులు ఐదుంటాయి. తీగ అయితే దూలగొండిని అనుమానించి దూరంగా నిలబడాలి. దాని కాయల నూగు ఒంటికి తగిలితే దురద భరించరానిది. మిగిలిన మూడు చెట్లలో వెలుతురుకు పట్టి చుక్కలు, ఆకు మూలలో ముళ్లు కనిపిస్తే మారేడు. చుక్కలు లేకపోతే పత్రకం మొదట్లో కాడ ఉబ్బి ఉందేమో చూడాలి. ఆ ఉబ్బు చిక్కుడు కుటుంబం చిహ్నం. మోదుగలో నడిమి పత్రకం అరచెయ్యంత, తోలులా మందం, పక్క పత్రకాలు ఒకవైపు ఒరిగినట్టు అసమంగా ఉంటాయి. ఎర్రచందనంలో పత్రకాలు దాదాపు గుండ్రంగా, కొసన చిన్న నొక్కుతో ఉంటాయి. ఎర్రచందనానికి మూడే ఎక్కువగా ఉన్నా అప్పుడప్పుడు ఐదూ వస్తాయి. అప్పుడు దాని చుట్టమైన వేగిసతో గందరగోళం పుడుతుంది, వేగిసకు ఐదు నుంచి ఏడు ఉంటాయి. ఇక్కడ ఒక్క ఆకు లెక్క నమ్మకూడదు. ఒక కొమ్మ మీద పది ఆకులు లెక్కిస్తే మూడు ఎక్కువా ఐదు ఎక్కువా అన్నది బయటపడుతుంది.

మూడు పత్రకాల వల్ల నిజమైన ప్రమాదం అడవి దుంపల్లో ఉంది. నల్లమల చెంచులకు దుంపలు పాతకాలం నుంచీ ఆహారం. ఆ దుంపల తీగల్లో డయోస్కోరియా పెంటాఫిల్లాకు మూడు నుంచి ఐదు పత్రకాలుంటాయి. డయోస్కోరియా హిస్పిడాకు ఎప్పుడూ మూడే. రెండింటికీ కాండం మీద ముళ్లుంటాయి, రెండూ ఒకే వైపుకు చుట్టుకుంటాయి. పెంటాఫిల్లా తీగ పైభాగంలో మూడు పత్రకాల ఆకే కనిపిస్తే రెండూ ఒకటిగా అనిపించడం ఖాయం. హిస్పిడా దుంపలో డయోస్కోరిన్ అనే విషపదార్థం ఉంది. అడవి బిడ్డలు దాన్ని పలచగా కోసి రోజుల తరబడి పారే నీళ్లలో నానబెట్టి, చేదు పోయాకే వండుకుంటారు. ఆ జ్ఞానం తరాల అనుభవం మీద నిలబడింది. ఆకు చూసి పేరు పట్టుకున్నామన్న ధీమాతో దుంప తవ్వుకుని తినడానికి అది ఏ మాత్రం అనుమతి కాదు. తీగల్లోనే అడవినాభి మాత్రం ఆకుతోనే తనను తాను చెప్పుకుంటుంది. దాని ఆకు కొసే నులితీగగా మారి పక్క కొమ్మను చుట్టుకుంటుంది. దాని దుంపా విషమే, అందులో కాల్చిసిన్ ఉంటుంది.

ఇంత దాకా వచ్చాక పుస్తకం తెరవాలి. ఆకు చేతిలో పట్టుకుని బొమ్మలు తిరగేయడం కంటే, రెండేసి ప్రశ్నలతో నడిపే గుర్తింపు సూచికను వాడడం మేలు. అభిముఖమా ఏకాంతరమా, సరళమా సంయుక్తమా అంటూ ఒక్కో ప్రశ్నకూ ఒక దారి మూసేస్తూ పోయే ఈ పద్ధతిని లామార్క్ 1778లో ఫ్రాన్స్ మొక్కల మీద రాసిన గ్రంథంలో వాడాడు. తెలుగు నేల మొక్కలకు గాంబుల్ మొదలుపెట్టగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, అంటే అక్కడి మొక్కల వర్ణనల గ్రంథం (1915–1936), ఇప్పటికీ పనికొస్తుంది. టి. పుల్లయ్య, ఆయన సహరచయితలు రాసిన ఆంధ్రప్రదేశ్ ఫ్లోరా దానికంటే దగ్గరి తోడు.

ఊరివాళ్లు చెప్పే పేరును కూడా రాసుకోవాలి. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ ఇక్కడి మొక్కలకు తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. సోమిద చెట్టుకు శాస్త్రం వాడే సోయ్‌మిడా అన్న పేరు అలా వచ్చిందే. 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీర మొక్కల గ్రంథంలో 300 చిత్రపటాలున్నాయి. అయితే ఊరి పేరు సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. ‘పాల’ అన్న మాట ఒక ఊళ్లో ఒక చెట్టుకు, పక్క ఊళ్లో మరో చెట్టుకు ఉంటుంది. ఎవరు, ఏ ఊళ్లో, ఏ చెట్టును చూపి చెప్పారో కూడా రాసుకుంటే ఆ పేరుకు విలువ పెరుగుతుంది.

ఫోనులో ప్లాంట్‌నెట్, ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లు పేరు సూచిస్తాయి. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో ఫోటో పెడితే తెలిసినవారు సాయం చేస్తారు. ఎవరికి పంపినా ఒకే ఒక్క ఆకు ఫోటో పంపడం శుద్ధ దండగ. మొక్క మొత్తం ఒకటి, నాలుగైదు కణుపులు కనిపించే రెమ్మ ఒకటి, ఆకు పైభాగం, అడుగుభాగం చెరొకటి, కాడ కొమ్మను కలిసే మూల దగ్గరగా ఒకటి, బెరడు ఒకటి, పక్కన రూపాయి బిళ్లతో తీయాలి. యాప్ చెప్పిన పేరును ఊహగా తీసుకుని, ఆ మొక్క వర్ణనలో అమరిక, పాలు, గ్రంథులు, పత్రపుచ్ఛాలు చేతిలో ఉన్న కొమ్మతో సరిపోతున్నాయో లేదో ఒక్కొక్కటే సరిచూడాలి. ఒక్కటి గట్టిగా విభేదించినా ఆ పేరు వదిలేయాలి.

నమూనా దాచాలంటే రెమ్మను పాత వార్తాపత్రికల మధ్య పరిచి, ఒక ఆకును తిరగేసి అడుగుభాగం కనిపించేలా ఉంచి, పైన బరువు పెట్టాలి. మొదటి వారం కాగితాలు రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానవనాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తెంపకూడదు. అక్కడ ఫోటోలూ రాతలే నమూనా. ఎర్రచందనం విషయంలో మరీ జాగ్రత్త అవసరం, 1995 నుంచి అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. నమూనాతోపాటు ఉండే చీటీలో తేదీ, చోటు, వీలైతే ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలు, చెట్టు ఎత్తు, నేల తీరు, పక్కన ఉన్న చెట్లు, పాల రంగు, వాసన రాయాలి. ఎండిన ఆకులో ఈ చివరి రెండూ మిగలవు. పేరు రాసే చోట తెలిసినంత వరకే రాయాలి: కుటుంబం తేలితే కుటుంబం, ప్రజాతి తేలితే ప్రజాతి. అలాంటి చీటీ ఉన్న నమూనాను హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కను ప్రాంతీయ కేంద్రంలోనో, వృక్షశాస్త్ర విభాగమున్న విశ్వవిద్యాలయాల హెర్బేరియంలోనో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచేచోట) పోల్చి చూసుకోవచ్చు. పోలిక కుదరకపోతే అదే చెట్టు దగ్గరకు పూతకాలంలో మళ్లీ వెళ్లి, పువ్వున్న రెమ్మను చూసి, చీటీలో ఖాళీగా ఉన్న గడిని అప్పుడు నింపాలి.